నాటకానికి వీపు పెట్టి...

వేసవి వస్తే చాలు, తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పరిషత్తు నాటకాల సందడి మొదలవుతుంది. స్టేజీ మీద ఆడేవాళ్లని అందరూ చూస్తారు. ఆడించేవాళ్లని, చూసేవాళ్లని చూడాలంటే మాత్రం జేబుకో రిబ్బను తగిలించుకోవాల్సిందే!

నాటకం జరుగుతున్నంతసేపూ స్టేజీకి వీపు పెట్టి నిలబడే మనుషుల్ని ఎప్పుడైనా గమనించారా? ఒకాయన మెట్ల దగ్గరుంటాడు, చిన్నపిల్లలు పైకి ఎగబాకకుండా. ఒకాయన కుర్చీల వరుసల మధ్య మంచినీళ్ల జగ్గుతో తిరుగుతుంటాడు. ఇంకొకాయన జనరేటరు పక్కన స్టూలేసుకుని కూర్చుని, కరెంటు పోతుందేమోనని బల్బు వంక చూస్తుంటాడు. అందరి జేబులకీ గులాబీరంగు రిబ్బను, దానిమీద ‘కార్యకర్త’ అన్న ముద్ర. వీళ్లలో ఏ ఒక్కరూ నాటకాన్ని మొదటినుంచి చివరిదాకా చూడరు. అయినా తెర పడగానే వెళ్లి అడిగి చూడండి. నాటిక నిలబడిందో పడిపోయిందో న్యాయనిర్ణేతలు మార్కులు కూడుకునేలోపే చెప్పేస్తారు. ఎందుకంటే వాళ్లు చూసింది నటుల్ని కాదు, జనాన్ని.

పోయిన వేసవిలో మూడు రాత్రులు నేనూ ఆ రిబ్బను పెట్టుకున్నాను. ఏ ఊరో మాత్రం చెప్పను. ‘మా ఊరి పేరు ఒక్కటే రాస్తే పక్కూళ్లోళ్లు అలుగుతారు, అందరికీ పరిషత్తులున్నాయి’ అని కమిటీవాళ్లు ముందే మాట తీసుకున్నారు. తెనాలికి కాస్త దూరం, రేపల్లెకి ఇంకాస్త దూరం, పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కకముందే సూర్యలంక సముద్రం చూసి రావచ్చు. ఆ గుర్తులు చాలు. అన్నట్టు, ‘వాలంటీరు’ అంటే ఊళ్లో ఇప్పటికీ కొందరు పింఛను సంగతి అడుగుతారు. 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్ల పుణ్యం! అందుకే రిబ్బనుమీద కార్యకర్త అని వేయించారట.

ఎండల్లోనే ఎందుకు?

ఈ ప్రాంతపు నాటకాల క్యాలెండరు పొలం చేతిలో ఉంటుంది. వరి కోతలు, నూర్పిళ్లు సంక్రాంతి చుట్టుపక్కల అవుతాయి. మాగాణిలో వేసిన మినుము, పెసర వేసవి మొదట్లో ఇల్లు చేరతాయి. ఈమధ్య ఎక్కువగా వేస్తున్న మొక్కజొన్న, జొన్న కూడా ఎండలు ముదిరేలోపు కల్లాల మీదికొస్తాయి. ఆపైన కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేదాకా రైతుకి రాత్రిళ్లు ఖాళీ. అదే సమయానికి బడులకి సెలవులు. అంటే రెండు లాభాలు. హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన పిల్లలు మనవల్ని వెంటేసుకుని ఊరొస్తారు. నాలుగు గదులున్న బడి గ్రీన్‌రూముకి దొరుకుతుంది. ఈ రెండో లాభం బయటివాళ్లకి తట్టదు కానీ, అది లేకపోతే పరిషత్తే లేదు.

పరిషత్తంటే తెలియని కుర్రకారు కోసం ఓ ముక్క. ఇది ఒక ఊళ్లో వరసగా కొన్ని రాత్రులు జరిగే నాటకాల పోటీ. విశాఖపట్నం నుంచో హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో ‘సమాజాలు’ వస్తాయి. రాత్రికి మూడో నాలుగో నాటికలు. ఒక్కోటి గంట అటూ ఇటూ. స్టేజీ ముందు ముగ్గురు న్యాయనిర్ణేతలు. చివరి రాత్రి బహుమతులు: ఉత్తమ ప్రదర్శన, రచన, దర్శకత్వం, నటుడు, నటి, ప్రతినాయకుడు, హాస్యనటుడు, సంగీతం, రంగాలంకరణ... జాబితా పెద్దదే. భట్టిప్రోలు దగ్గర పల్లెకోనలో పరుచూరి రఘుబాబు పేరుమీద జరిగే పోటీలు, లింగారావుపాలెం కొండవీటి కళాపరిషత్తు, గోదావరి వైపు పాలకొల్లు, తాడేపల్లిగూడెం... నాటకాల పిచ్చి ఉన్నవాళ్లకి ఈ పేర్లు బంధువుల ఊళ్లంత పరిచయం. పోటీలకి సమాజాల్ని పంపే ఊళ్లు కూడా ఇక్కడే ఉన్నాయి. తెనాలి పక్కన కొలకలూరు పేరు చెబితే పరిషత్తు జనానికి ముందు గుర్తొచ్చేది శ్రీ సాయి ఆర్ట్స్.

బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. నాటకాల వరకూ ఆ గీత ఎవరూ పట్టించుకోలేదు. రేపల్లె రైలు తెనాలిలో ఎక్కినట్టే, ఇక్కడి రంగస్థలం చరిత్ర కూడా తెనాలిలోనే ఎక్కాలి. సురభి నాటకాలకి ఆద్యుడైన వనారస గోవిందరావు 1929 జూన్‌లో నాటక కళాకారులందర్నీ సమావేశపరిచిందీ, ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిందీ ఈ ఊళ్లోనే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబం ఆయనది. ఇవాళ పల్లెపల్లెకీ బోర్డు మీద కనిపించే ‘పరిషత్తు’ అన్న మాట వెనక ఆ తెనాలి సమావేశం ఉంది.

చంద్రమతి రాలేదు!

కార్యకర్తలకి బాగా ఇష్టమైన కథ ఒకటుంది. అది బాపట్లది. 1920లో అక్కడ ‘హరిశ్చంద్ర’ నాటకం. చంద్రమతి వేషం వేయాల్సిన మనిషి రాలేదు. ఆ వేషం ఓ కుర్రాడు వేశాడు. అదే ఊళ్లో 1902లో పుట్టినవాడు. పేరు స్థానం నరసింహారావు. తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామగా, రోషనారగా, దేవదేవిగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఊపేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న ఆ స్థానమే!

‘రావాల్సినవాడు రాకపోతే ఏం చెయ్యాలి’ అన్నది పరిషత్తులో ఇప్పటికీ రోజుకోసారి తలెత్తే ప్రశ్న. మైకులాయన రాడు. వంటాయన కుడిచెయ్యి లాంటి మనిషి పెళ్లికి పోతాడు. రాత్రి తొమ్మిదికి రావాల్సిన సమాజం టైరు పంక్చరై ఒంగోలు అవతల ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు లేచి ‘నేను చూస్తాలే’ అనాలి. స్థానం అంతటివాళ్లు మళ్లీ పుడతారో లేదో కానీ, ఆ ‘నేను చూస్తాలే’ అనే గొంతు మీదే మూడు రాత్రులూ నడుస్తాయి.

గోడ పట్టుకున్న మనిషి

మొదటి సాయంత్రం నాకిచ్చిన పని గంట. మొదటి గంట, రెండో గంట, మూడో గంట. ఇంతేగా అనుకుంటాం. మొదటి గంటకి జనం ఇళ్లలో అన్నాలు ముగించాలి. రెండో గంటకి వీధిలోకి రావాలి. మూడో గంటకి కూర్చోవాలి. గంటలు గబగబా కొడితే ఖాళీ కుర్చీలకి నాటకం ఆడాలి. ఆలస్యం చేస్తే నాలుగో నాటిక తెల్లవారుజామున పడుతుంది. ఊరు ఏ వేళకి తింటుందో తెలిసినవాళ్లే గంట కొట్టాలి. నాకు తెలీదు కాబట్టి గంట నా చేతిలో ఉన్నా, ‘ఇప్పుడు కొట్టు’ అని సైగ చేసింది మాత్రం పక్కనున్న రిటైర్డ్ పోస్టుమాస్టరు.

ఆ రాత్రే సెట్టు వెనక ఓ మనిషిని చూశాను. అరవై దాటి ఉంటాయి. పంచె ఎగ్గట్టి, స్టేజీ వెనక ఇటుకల మీద కూర్చుని, రెండు చేతులతో ‘గోడ’ పట్టుకుని ఉన్నాడు. గోడంటే చెక్క చట్రానికి బిగించిన రంగుల గుడ్డ. వేసవిలో పొద్దువాలాక ఇక్కడ పైరగాలి తిరుగుతుంది. పగలంతా ఉడికిన ఒంటికి అది అమృతం. నాటకానికి మాత్రం విలన్! సూర్యలంక నుంచి అడ్డేదీ లేకుండా పొలాల మీదుగా వచ్చి తెరని తెరచాప చేస్తుంది. మైకుల్లో బుసకొడుతుంది. స్టేజీ మీద కన్నతల్లి ఏడుస్తుంటే వెనక ఇంటిగోడ ఊగుతుంటుంది. చట్రాలకి తాళ్లు కడతారు, ఇసుక బస్తాలు పెడతారు. అయినా ఓ మనిషి పట్టుకోకపోతే నమ్మకం లేదు. ఆయన గోడ పట్టుకోవడం ఇది ఎన్నో ఏడో ఆయనకే గుర్తులేదు.

‘‘నాటకం కనపడదు కదండీ?’’ అన్నాను.

‘‘మాటలు వినపడతయ్ గదమ్మాయ్. గుడ్డకి అవతలే గదా ఏడ్చేది. ఎవరు నిజంగా ఏడ్చారో ఎవరు గొంతు మార్చారో ఇక్కడే బాగా తెలుస్తది’’ అన్నాడు.

న్యాయనిర్ణేతల పక్కన ఆయనకీ ఓ కుర్చీ వేయాలని నా అభిప్రాయం. కానీ అప్పుడు గోడ ఎవరు పట్టుకుంటారు?

ఆ బడిగది తాళంచెవి

రెండోరోజు నన్ను ఆడవాళ్ల గ్రీన్‌రూముకి మార్చారు. అక్కడి కార్యకర్తలు ముగ్గురూ డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లే. గదేమో ఐదో తరగతి. బోర్డు మీద ఎక్కాలు అలాగే ఉన్నాయి. కింద చాప, గోడకి నిలువుటద్దం, పిన్నీసుల డబ్బా, కొబ్బరినూనె సీసా. మేకప్ తీయడానికి ఇప్పుడు ఏవేవో క్రీములొచ్చాయి కానీ, అర్దళం పూసుకున్న కాలం నుంచీ కొబ్బరినూనెకి తిరుగులేదు.

పరిషత్తుల్లో ఆడవేషాలకి నటీమణులు కొద్దిమందే. ఒకే నటి ఒకే పోటీలో రెండు మూడు సమాజాల తరఫున నటించడం మామూలు సంగతి. ఆ రాత్రి ఒకావిడ తొమ్మిదిన్నరకి ఆస్పత్రి మంచంమీద తల్లి. పదకొండున్నరకి కొత్త కోడలు. తెల్లజుట్టు పొడి దులుపుకోవడానికి, జడ వేసుకోవడానికి, ఇంకో సమాజం వాళ్ల మాటలు ఓసారి నెమరేసుకోవడానికి మధ్యలో ఒక్క నాటికంత వ్యవధి. ఆవిడ రెండు ముద్దలు పెరుగన్నం తిన్నదీ ఆ సందులోనే. పక్కనే కార్యకర్త చీర కుచ్చిళ్లు సర్దుతూ ఉంది, సొంత చెల్లెల్ని పెళ్లిపీటలకి తయారుచేస్తున్నట్టు.

స్థానం నరసింహారావు కాలంలో మగవాళ్లు ఆడవేషాలు వేసేవారు. సురభి కుటుంబాల్లో మాత్రం ఆడపాత్రలు ఆడవాళ్లే ధరించేవారు. ఇల్లూ రంగస్థలమూ వాళ్లకి ఒకటే కాబట్టి. ఇవాళ్టి నటికి ఆ ఇల్లు లేదు. రాత్రి ఒంటిగంటకి ముక్కూ మొహం తెలియని ఊళ్లో వ్యాను దిగుతుంది, మళ్లీ వ్యాను ఎక్కుతుంది. ఆవిడ వచ్చే ఏడు ఈ పరిషత్తుకి వస్తుందా రాదా అన్నది షీల్డు సైజు మీద ఆధారపడదు. గదికి లోపల గడియ ఉందా, బాత్రూములో బకెట్టు నిండుగా ఉందా, బయట కాపలా ఆడమనిషేనా... వీటి మీద ఆధారపడుతుంది. ఆ ముగ్గురూ తాళంచెవి చీర కొంగుకి కట్టుకుని రాత్రంతా వంతులవారీగా గుమ్మంలో కూర్చున్నారు. కమిటీలో ఒక పెద్దమనిషి ‘నటీమణుల్ని పరిచయం చేసుకుందామని’ వస్తే, ‘‘స్టేజీమీద చూడండి బాబాయిగారూ, ఇక్కడ్నించి కనపడరు’’ అని నవ్వుతూనే తిప్పి పంపారు. మూడు రాత్రుల్లో నేను విన్న అత్యుత్తమ సంభాషణ అదే.

బండి స్టాండు వేశారా?

ఇక జనం సంగతి. స్టేజీకి వీపు పెట్టి నిలబడితే ఊరంతా ఒక పెద్ద సెట్టింగులా కనిపిస్తుంది.

ముందు వరుసలో సోఫాలు. అవి అతిథులకి. నాటికకీ నాటికకీ మధ్య సెట్టు మార్చే అరగంటలో సన్మానాలుంటాయి. శాలువా భుజాన పడి, ఫొటో దిగగానే అతిథులు మెల్లగా లేస్తారు. అప్పటిదాకా సోఫాల చుట్టూ గద్దల్లా తిరిగిన పిల్లలు ఒక్కసారిగా వాలిపోతారు. ఇద్దరు పట్టే సోఫాలో ఆరుగురు! మూడో నాటిక మధ్యకొచ్చేసరికి ఆరుగురూ నిద్రే. వాళ్లని ఎత్తుకెళ్లి ఎవరి పిల్లల్ని వాళ్లకి అప్పజెప్పడం కూడా కార్యకర్తల పనే.

సోఫాల వెనక ప్లాస్టిక్ కుర్చీలు. అందులో నాటకాలు తెలిసినవాళ్లది ఓ జట్టు. పద్యనాటకం రోజుల్లో వీళ్ల నాన్నలు ఒన్స్‌మోర్లు కొట్టినవాళ్లు. ఇప్పుడు పద్యాలు తగ్గి సాంఘికాలు పెరిగినా వాళ్ల చెవి మారలేదు. సంభాషణ బాగా పలికితే కళ్లు మూసుకుంటారు. తప్పు పలికితే కళ్లు తెరుస్తారు. ఎడంవైపు పట్టాలు పరిచిన చోట అమ్మమ్మల రాజ్యం. విలన్ని నేరుగా తిట్టే హక్కు వాళ్లకే ఉంది. కుడివైపు చివర చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లు పోటీకొచ్చిన మిగతా సమాజాల మనుషులు. పక్కవాళ్ల నాటికలో హాస్యానికి నవ్వకూడదని ఒట్టేసుకున్నట్టుంటారు. వాళ్లలో ఒకడు ఆపుకోలేక ఫక్కున నవ్వాడంటే ఉత్తమ హాస్యనటుడు ఎవరో తెలిసిపోయినట్టే.

అన్నిటికన్నా నమ్మకమైన కొలమానం మాత్రం ఆఖర్న ఉంటుంది. మోటారుసైకిళ్ల వరుస. కుర్రాళ్లు బండి మీదే కూర్చుని, ఒక కాలు నేలకి ఆనించి చూస్తుంటారు. ఇష్టం లేకపోతే అట్నుంచి అటే పోవడానికి. ‘‘వాళ్లని చూడండి మేడం. కాలు తీసి బండికి స్టాండు వేశారంటే నాటిక ఎక్కినట్టు’’ అని మొదటిరోజే చెప్పారు నాకు. మూడు రాత్రులూ లెక్కపెట్టాను. స్టాండు వేయించిన నాటికలు మూడు. అందులో రెండింటికి బహుమతులొచ్చాయి. మూడోదానికి ఎందుకు రాలేదో ఇప్పటికీ ఆ కుర్రాళ్లకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

న్యాయనిర్ణేతల దగ్గర ఇంకో రకం కాపలా. ముగ్గురి మధ్యా ఎడం ఉండాలి. ఎవరూ వెళ్లి పలకరించకూడదు. టీ కూడా నాటిక అయ్యాకే. పాపం, వాళ్లకి చెమట తుడుచుకునే స్వేచ్ఛ కూడా ఉండదు. తల ఊపితే ఓ సమాజం వాళ్లు సంబరపడతారు, ఆవలిస్తే ఇంకో సమాజం వాళ్లు బెంగపడతారు.

గేదెకి నీళ్లు

రెండో రాత్రి మూడో నాటిక అమ్మానాన్నల కథ. కొడుకు విదేశంలో, తండ్రి మంచంలో, తల్లి ఫోను పక్కన. పరిషత్తుల్లో ఈ కథకి కొదవలేదు. విమర్శకులు విసుక్కుంటారు కూడా. కానీ ఈ ఊళ్ల సంగతి తెలిసినవాళ్లు అంత తేలిగ్గా విసుక్కోలేరు. బల్లమీద వరసగా పేర్చిన షీల్డులు చూడండి: ఫలానావారి జ్ఞాపకార్థం, వారి కుమారులు, అమెరికా. పరిషత్తుకి చందా అక్కణ్నుంచే వస్తుంది, కథ కూడా అక్కణ్నుంచే వస్తుంది.

నాటిక సగంలో పట్టాల మీంచి ఒక పెద్దావిడ లేచింది. చీకట్లో తడబడుతుందేమోనని టార్చి పట్టుకుని వెంట వెళ్లాను. ‘‘ఏం లేదమ్మాయ్, గేదెకి నీళ్లు పెట్టలా. పెట్టొస్తా’’ అంది. సందు మలుపుదాకా దిగబెట్టాను. నాటిక అయిపోయి, జనం చప్పట్లు కొట్టి, మైకులో తర్వాతి సమాజం పేరు చదువుతుండగా మళ్లీ వచ్చింది. నేరుగా నా దగ్గరికే.

‘‘ఆఖరికి ఆ పిల్లాడొచ్చాడా?’’

‘‘రాలేదండీ.’’

‘‘ఎట్టా వస్తాళ్లే. సెలవు దొరకొద్దూ?’’ అని, పమిటచెంగు సర్దుకుని తన పట్టా మీద కూర్చుంది.

ఆ నాటికకే ఇంకో సంగతి జరిగింది. పరిషత్తుని రెండేళ్లుగా యూట్యూబులో లైవు ఇస్తున్నారు. ఇంజినీరింగు చదివే ఓ కుర్రాడు ట్రైపాడు మీద సెల్‌ఫోను పెట్టుకుని ఆ పని చూస్తాడు. కార్యకర్తల్లో ఇరవై ఐదేళ్లలోపు వాడు అతనొక్కడే. బయటి దేశాల్లో ఉన్న ఊరివాళ్లు ఆ లైవు కింద నాటిక గురించి ఏదో ఒకటి రాస్తుంటారు. ఆ రాత్రి డాలస్ నుంచి ఒకాయన నాటిక మాట ఎత్తలేదు. ‘కెమెరా కాస్త జనం వైపు తిప్పుతావా తమ్ముడూ, మా నాన్న వచ్చి ఉంటాడు’ అని రాశాడు. కుర్రాడు కమిటీవాళ్లకి చెప్పకుండానే ఫోను తిప్పేశాడు. అర నిమిషం పాటు ప్రపంచమంతటా ఆ నాటిక చూస్తున్నవాళ్లకి కనిపించింది స్టేజీ కాదు. మఫ్లరు చుట్టుకున్న ఓ పెద్దాయన, పక్కన నిద్రపోతున్న పిల్లలు, వెనక మోటారుసైకిళ్లు. మర్నాడు సమాజం వాళ్లు గొడవ చేశారు. న్యాయమే, వాళ్ల ముఖ్యమైన సన్నివేశం లైవులో పోయింది. కుర్రాడు తిట్లు తిన్నాడు కానీ ఎందుకు తిప్పాడో చెప్పలేదు. తర్వాత ఫోనులో ఆ కామెంటు నాకు చూపించాడు.

విలన్ సముద్రానికి వస్తే...

రాత్రి ఆడిన సమాజాలు పొద్దున్నే వెళ్లిపోవాలి. కానీ ఇంతదూరం వచ్చి సూర్యలంక చూడకుండా ఎలా? బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లేనాయె. వ్యానుకి దారి చూపించే పని నాకూ, ఇంకో కార్యకర్తకీ పడింది. సరుగుడు తోటలు దాటి ఇసుకలో అడుగు పెట్టేసరికి ఆరున్నర. సెలవుల రోజులు కావడంతో అప్పటికే తీరమంతా జనం. ఇక్కడి సముద్రం చాలాదూరం లోతు లేనట్టు కనిపించి మోసం చేస్తుంది. అందుకే పోలీసుల ఈలలు ఆగవు.

రాత్రంతా చీకట్లో జనాన్ని చూసిన కళ్లకి పగటి వెలుగులో నటుల్ని చూడటం తమాషాగా ఉంది. తల్లిని ఇంట్లోంచి గెంటిన దుర్మార్గుడు ఓ ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పంట్లాం మోకాళ్లదాకా మడిచి, తోటి నటుడి కూతుర్ని చెయ్యి పట్టుకుని అలల్లో ఆడిస్తున్నాడు. చెంపల మీద గడ్డం అంటించిన జిగురు ఇంకా పొరలుగా ఊడుతోంది. కంటిరెప్పల అంచుల్లో కాటుక మిగిలే ఉంది. వాళ్లలో ఒకరు ఆర్టీసీ కండక్టరు, ఒకరు బడిపంతులు, ఒకరు కరెంటాఫీసులో లైన్‌మన్. కండక్టరుగారు సముద్రం చప్పుడు వినపడకుండా చెయ్యి అడ్డం పెట్టి, మధ్యాహ్నం డ్యూటీకి అందుకుంటానని డిపోకి ఫోను చేస్తున్నారు. పరిషత్తు ఇచ్చే పారితోషికం వ్యానుకీ, సెట్టు సామానుకీ సరిపోతే గొప్ప. మిగతాది జేబులోంచే.

ఇంతలో మొక్కజొన్న పొత్తులు కాల్పించుకుంటున్న ఓ కుటుంబం మావైపే చూడ్డం మొదలెట్టింది. వాళ్లదీ రాత్రి ఊరే. అందులో పెద్దావిడ దగ్గరికొచ్చి దుర్మార్గుడి మొహం పరీక్షగా చూసి, ‘‘రాత్రి అమ్మని గెంటింది నువ్వే గదూ? ఏం మనిషివయ్యా!’’ అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేశారు. ఆయన మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ జోడించి దణ్నం పెట్టాడు. వ్యానెక్కాక చెప్పాడు, షీల్డు రాకపోయినా పర్లేదని. (వచ్చింది. ఉత్తమ ప్రతినాయకుడు.)

తాళ్లు పట్టేదెవరు?

వేసవి నాటకోత్సవాలు మన సొంతమేం కాదు. కెనడాలో స్ట్రాట్‌ఫర్డ్ అని ఓ రైల్వే ఊరుంది. రైలింజన్ల మరమ్మతుల మీద బతికే ఆ ఊరికి ఆ పని తగ్గిపోతుంటే, టామ్ ప్యాటర్సన్ అనే స్థానిక జర్నలిస్టు నాటకోత్సవం పెడదామన్నాడు. 1953 జులైలో పెద్ద డేరా వేసి షేక్‌స్పియర్ నాటకంతో మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచంలో పేరున్న ఉత్సవాల్లో అదొకటి. జర్మనీలో ఒబెరమ్మెర్‌గావ్ అనే పల్లె 1634 నుంచి ఏసుక్రీస్తు కథ ఆడుతోంది, ఇప్పుడు పదేళ్లకోసారి. ఆ ఊళ్లో పుట్టినవాళ్లో, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లో మాత్రమే వేషం కట్టాలి. కరోనా వల్ల 2020లో జరగాల్సింది 2022కి వాయిదా పడినా ఊరు వదిలిపెట్టలేదు.

తెనాలీ రైల్వే జంక్షనే. ఇక్కడి ఊళ్లకీ నాటకమంటే ప్రాణమే. చందాలకి కూడా మరీ కరువేం లేదు. కరువల్లా చేతులకి. నేను పనిచేసిన పరిషత్తులో కార్యకర్తలు ముప్ఫైమంది లోపే. ఆ లైవు కుర్రాణ్ని, డ్వాక్రా వాళ్లని పక్కన పెడితే తక్కినవాళ్లంతా యాభై దాటినవాళ్లు. గోడ పట్టుకునే మనిషికి మోకాళ్ల నొప్పులు. పోస్టుమాస్టరుగారికి చక్కెర జబ్బు, రాత్రి భోజనం ఆలస్యమైతే చేతులు వణుకుతాయి. ఊళ్లో కుర్రాళ్లకి నాటకమంటే ఇష్టం లేదనడం అబద్ధం. బండి స్టాండు వేసి చూస్తున్నారుగా! కానీ బండి దిగి తాడు పట్టుకోమని వాళ్లని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్లకి అడగడం చిన్నతనం. వాళ్లకి అడక్కుండా రావడం మొహమాటం. మధ్యలో సెట్టు గోడ ఊగుతోంది.

మూడో రాత్రి గాలి బాగా ఎక్కువైంది. రెండో నాటికలో గోడ ఒక పక్కకి ఒరుగుతుంటే లోపలినుంచి ‘‘ఒరేయ్, ఎవడన్నా రండిరా!’’ అన్న కేక మైకులోకి కూడా వచ్చేసింది. జనం నాటికలో భాగమనుకున్నారు. వెనక వరుసలోంచి ఇద్దరు కుర్రాళ్లు బండ్లు అక్కడే పడేసి పరిగెత్తారు. ఆ నాటిక అయ్యేదాకా గోడకి చెరోవైపు వాళ్లే. తర్వాతి నాటికకీ ఉండిపోయారు. గుడ్డ అవతల ఏం జరుగుతోందో వాళ్లకి పెద్దాయన చెవిలో చెబుతున్నాడు.

బహుమతులు చదవడం పూర్తయ్యేసరికి రెండున్నర. ఉత్తమ నటుడి పేరు దగ్గర కొంచెం కలకలం. మూడేళ్లుగా ఇంతేనని ఎవరో అరిచారు, ఇంకెవరో సర్దిచెప్పారు. సమాజాలు షీల్డులు గుడ్డల్లో చుట్టుకుని వ్యాన్లెక్కాయి. ఆడవాళ్ల గ్రీన్‌రూము ఊడ్చి, బోర్డు మీద ఎక్కాలు చెరగలేదని చూసుకుని, తాళం హెడ్మాస్టరుగారింట్లో ఇచ్చొచ్చారు. మిగిలింది కుర్చీలు. సప్లయర్సు వాళ్ల లారీ ఐదింటికొస్తుంది. మూడొందలు లెక్కజూసి అప్పజెప్పాలి. రెండు తగ్గాయి. మళ్లీ లెక్కపెట్టారు. రెండే తగ్గాయి. టార్చి లైట్లు పట్టుకుని తలోదిక్కు వెదకబోతే కాలవగట్టు మీద దొరికాయి. ఒకదాంట్లో రిటైర్డ్ పోస్టుమాస్టరు, ఇంకోదాంట్లో ఆయన ఈడు పెద్దమనిషి. ఎదురెదురుగా కూర్చుని, ఉత్తమ నటుడు ఎవరై ఉండాల్సిందో వాదించుకుంటున్నారు. కుర్చీలడిగితే లేవకుండా, ‘‘ఉండండయ్యా, ఈయన ఇంకా ఒప్పుకోలా’’ అన్నారు.